తీరిక కొఱకు వేచియుండవలదు



గడచిన మాసమున కొండాపూరునుండి యొక సోదరి మాకు దీర్ఘమైన జాబు వ్రాసిరి. ఆమె సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగము చేయుచున్నారు. భర్తగారును అదే వృత్తిలో నున్నారు. ఇద్దరు పిల్లలు బడికి పోవుచున్నారు. అత్తగారు వారితోనే యున్నారు. పెండ్లికి ముందును, పెండ్లియైన కొన్నాళ్లవఱకును ఆమె కథలు వ్రాసెడివారు. నాలుగైదు పత్రికలలో అచ్చయినవి కూడను. ఇప్పటికి తొమ్మిదేండ్లుగా నొక్క పంక్తియు వ్రాయలేదు. ఇటీవల ఇల్లు సర్దుచుండగా అటకమీది పెట్టెలో మూడు నోటుపుస్తకములు బయటపడినవి. వానిలో నొకదానియందు సగము వ్రాసి విడిచిన కథ యున్నది. పాత కాగితములు కొనువాడు క్రింద వేచియుండెను. “వీనిని తూకమునకు వేయుదునా, మరల పెట్టెలో పెట్టుదునా? నాకు తీరిక లేదు. తీరిక దొరకిన నాడు నిద్ర వచ్చుచున్నది. ఇల్లును ఉద్యోగమును ఉండగా ఇట్టి కోరిక పెట్టుకొనుట నా తప్పా?” అని వారు మమ్మడిగిరి.

ఆ దినమున వారా పుస్తకములను తూకమునకు వేయలేదు. మాకు జాబు వ్రాసిరి. ఆ సంగతిని మేము మఱవలేదు. కడపట దానికే వత్తుము.

ఇట్టి జాబులలో ఇదియే మొదటిది కాదు. మాదాపూరు, గచ్చిబౌలి, మణికొండ, నల్లగండ్ల మొదలగు తావులనుండి నెలకొకటి రెండైనను మాకు వచ్చుచునే యున్నవి. ఒకరు వీణకు గవిసెన తొడిగి ఆరేండ్లయినదందురు. ఒకరు కుట్టుపని సగములో నిలిచిపోయినదందురు. వేఱొకరు తెలుగున వ్రాయుటయే మఱచిపోవుదునేమో యని భయపడుచున్నారు. అందఱి జాబులలోను ఒక్కటే మాట: తీరిక. కావున ఈ మాసమున ఆ మాటనే విచారింతము.

హైదరాబాదునకు పడమటనున్న ఆ సీమను ముప్పదియేండ్లకు పూర్వము చూచినవారు నేడు గుర్తింపజాలరు. బండరాళ్లును, పొలములును, దుర్గం చెఱువును ఉండెడి తావున సైబర్ టవర్స్ అను భవనమును 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు ప్రారంభించిరి. నాటినుండి హైటెక్ సిటీ అను పేరు లోకమున వ్యాపించినది. 2019 మార్చిలో మెట్రో రైలు అచ్చటికి వచ్చినది. ఆ యేడే నవంబరులో రాయదుర్గమువఱకు సాగినది. 2020 సెప్టెంబరులో దుర్గం చెఱువుమీద తీగల వంతెన తెఱవబడినది. ఇవన్నియు మనుష్యులకు కాలము మిగుల్చుటకై కట్టబడినవే. మిగిలిన ఆ కాలము ఎవరి చేతికి చేరినదో గాని, ఇంటి యిల్లాలి చేతికి చేరినట్లు మాత్రము కనబడదు.

కొండాపూరు సోదరి తమ దినచర్యను తామే వివరించిరి. ఉదయము అయిదున్నరకు లేచుట, కాఫీ, ఉపాహారము, ముగ్గురికి మూడు విధములైన డబ్బాలు, ఏడుంబావునకు బడి బస్సు, తొమ్మిదింటికి ల్యాప్‌టాపు. వారమునకు మూడు దినములు ఆఫీసునకు పోవలెను. తక్కిన రెండు దినములు ఇంటినుండియే పని. ఇంటినుండి పనిచేయు దినమున చాల తీరిక యుండునని బంధువులు తలంతురు. నిజమునకు ఆ దినముననే గ్యాసుబండ వచ్చును, కుళాయి బాగుచేయువాడు వచ్చును, అత్తగారిని వైద్యుని యొద్దకు తీసికొనిపోవలసి యుండును. సాయంకాలము పిల్లల పాఠములు, వంట. రాత్రి ఎనిమిదిన్నరకు, అందఱును భోజనమునకు కూర్చుండు వేళకు, అమెరికానుండి పిలుపు.

ఈ పిలుపు సంగతి ఆ సీమకు వెలుపల నున్న పఠితలకు కొంచెము చెప్పవలెను. అచ్చటి యుద్యోగములలో పెక్కు అమెరికా సంస్థల పనితో ముడిపడినవి. న్యూయార్కు గడియారము వేసవిలో మనకంటె తొమ్మిదిన్నర గంటలు, శీతకాలమున పదిన్నర గంటలు వెనుక నుండును. మనకు రాత్రి ఎనిమిదిన్నర యగునప్పటికి వారికి పగలు పదియో పదునొకండో. వారి పనివేళయు మన పనివేళయు కలియుటకు మన భోజనపు వేళకంటె వేఱు తావు లేదు. పూర్వము రాత్రి భోజనములైన పిదప వంటయిల్లు కడిగి దీపము దగ్గఱ కూర్చుండుటకు కొందఱు గృహిణులకైనను ఒక గడియ దొరకెడిది. ఆ గడియ ఇపుడు న్యూయార్కునకు పోయినది.

ఇక ఇంటిపని. కేంద్రప్రభుత్వ గణాంకశాఖవారు 2024లో ప్రజల కాలవినియోగమును గుఱించి దేశమంతట సర్వే చేసిరి. ఇంటిపని చేయు స్త్రీ దానిపై సగటున దినమునకు 289 నిమిషములు వెచ్చించుచున్నదనియు, ఇంటిపని చేయు పురుషుడు 88 నిమిషములు వెచ్చించుచున్నాడనియు అందు తేలినది. 2019 సర్వేలో ఈ సంఖ్యలు 299, 97. అయిదేండ్లలో స్త్రీకి తగ్గినవి పది నిమిషములు. పురుషునికి తగ్గినవి తొమ్మిది! పిల్లలను, వృద్ధులను చూచుకొనుట వేఱు లెక్క. అందు 2024లో స్త్రీకి 137 నిమిషములు, పురుషునికి 75. ఇవి దేశమంతటి సగటులు. ప్రతి యింటను ఇట్లే యని చెప్పరాదు. కాని ఇంటిపని యొక్కదానియందే ఇరువురికిని దినమునకు 201 నిమిషముల భేదము కనబడుచున్నది. ఈ సంఖ్యను పఠితలు జ్ఞాపకముంచుకొన ప్రార్థన. మరల దీనితో పని పడును.

తీరిక యనునది పనులన్నియు ముగిసిన పిదప మిగులు వస్తువని తలంచినంత కాలము అది దొరకదు. ఏలయన ఇంటిపనికి ముగింపు లేదు. గిన్నెలు తోమిన గంటకే మరల గిన్నెలు పడును. పాలు మిగిలిన నాడు తోడువేయుదమని యే గృహిణియు కూర్చుండదు. అట్లు కూర్చుండిన ఆ యింట పెరుగే యుండదు. ఉదయముననే గిన్నెడు పాలు వేఱుగ తీసి యుంచును. మిగిలిన పాలతో కాఫీలు గడపును. వ్రాతకు కావలసిన కాలమును గూడ అట్లే ముందు తీసి యుంచవలెను. ఈ మాసమున మేము చెప్పదలచిన దంతయు ఈ యొక్క మాటయే. అయితే ఆ గిన్నెడు కాలమును దేనినుండి తీయవలెను? చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

లోకులు చెప్పు సులభోపాయ మొకటి కలదు: నాలుగింటికి లేచి వ్రాయుడని. దీనికి దృష్టాంతముగా ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్‌గారిని చూపుదురు. ఆయన తపాలాశాఖలో 1834 మొదలు 1867 వఱకు ఉద్యోగము చేసిన మనుష్యుడు. దినమును ఉదయము అయిదున్నరకు బల్లకడ కూర్చుండి, గడియారము నెదుట నుంచుకొని, పావుగంటకు 250 మాటల చొప్పున వ్రాసి, తరువాత ఆఫీసునకు పోయెడివాడు. ఇట్లు పదుల కొలది నవలలు వెలువడినవి. వినుటకు మిక్కిలి బాగున్నది. కాని ఆయన మరణానంతరము 1883లో అచ్చయిన స్వీయచరిత్రలో ఇంకొక సంగతియు నున్నది. ఆయనను వేళకు లేపి కాఫీ తెచ్చి యిచ్చుటకు ఒక వృద్ధ సేవకుడుండెను. ఆ పనికై అతనికి ఏటికి అయిదు పౌనులు అదనముగా ఇచ్చుచుండిరి. తన జయమునకు ఆ సేవకునికే యెక్కువ ఋణపడితినని ట్రాలప్‌గారు నిజాయితీతో ఒప్పుకొనిరి. ఆయన వేకువ మేలుకొలుపును మనకు బోధించువారు ఆ కాఫీ సంగతి చెప్పుట మఱతురు. మన గృహిణి నాలుగింటికి లేచిన, కాఫీ తెచ్చువారుండుట యటుండనిండు, దీపము వెలిగినదని తెలిసిన ఇంకొకరు కాఫీ యడుగుదురు.

అదియునుగాక, రాత్రి పదునొకండు గంటలకు ల్యాప్‌టాపు మూసిన స్త్రీ నాలుగింటికి లేచిన, ఆమె తీసినది తీరికనుండి కాదు, నిద్రనుండి. నిద్రనుండి తీసిన కాలము అప్పు తెచ్చిన కాలము. దానికి వడ్డీ దేహమే యిచ్చుకొనవలెను.

ఈ విషయమున మనకు బోధచేయగలిగిన రచయిత్రి ఆ కొండాపూరుననే తమ కడపటి సంవత్సరములు గడపిరని ఎందఱెఱుగుదురో తెలియదు. ఆమె అబ్బూరి ఛాయాదేవిగారు. 1933లో రాజమహేంద్రవరమున జన్మించి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, గ్రంథాలయ వృత్తి నవలంబించి, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున పనిచేసి, 1982లో స్వచ్ఛందముగా పదవీవిరమణ చేసిరి. పిమ్మట హైదరాబాదునకు వచ్చి, వార్ధక్యమున కొండాపూరులోని సి. ఆర్. ఫౌండేషన్ వారి వృద్ధాశ్రమమున నివసించిరి. 2019 జూన్ 28వ తేదీన దివంగతులైరి.

ఆమె కథలలో ‘సుఖాంతం’ అనునది యొకటి. చిన్ననాటినుండి కంటినిండ నిద్రకు నోచుకొనని గృహిణి కథ యది. పుట్టినింట ఒక కారణము, మెట్టినింట వేఱొక కారణము. భర్త, పిల్లలు, పనులు. ఎప్పటికప్పుడు నిద్ర రేపటికి వాయిదా పడుచునే యుండును. కడపట ఆమె నిద్రమాత్రల నాశ్రయించును. కథ పేరు చూచి సంతోషముతో చదువనారంభించిన పఠిత పేరులోని వేదనను గ్రహించునప్పటికి పుస్తకము మూసి కొంతసేపు కూర్చుండవలసినదే. హైటెక్ సిటీ ఇంకను పుట్టని దినములలో వ్రాసిన కథ యది. ఎనిమిదిన్నర పిలుపు నామె ఎఱుగరు. అయినను నేడు ఆ వీథులలో ఇంటింటికిని పంచిపెట్టదగిన కథ యదియే యని మా తలంపు.

ఆమె వ్రాసిన మఱొక కథ ‘బోన్సాయ్ బ్రతుకు’ పదవతరగతి పాఠ్యపుస్తకమునకు ఎక్కుటచేత ఇప్పటి యువతులలో పెక్కుమంది ఎఱుగుదురు. కుండీలో పెంచిన మఱుగుజ్జు చెట్టును చూచి పల్లెటూరి అక్కయ్య స్త్రీ బ్రతుకును దానితో పోల్చును. చెట్టు జీవించియే యున్నది, పూయుచునే యున్నది, అందఱును మెచ్చుకొనుచునే యున్నారు. అయినను ఎవరికిని నీడ యీయజాలదు. నేడు పదునాలుగవ అంతస్తు బాల్కనీలో కుండీలు పెట్టుకొన్న సోదరీమణులు ఆ మాటను ఒకింత ఆలోచింతురు గాక.

ఛాయాదేవిగారి జీవితమున మేము గ్రహించిన పాఠము వేఱొకటి కలదు. ఆమె గుట్టలకొలది వ్రాసినవారు కారు. ఉద్యోగము చేసినన్నాళ్లును చేసిరి, ఇల్లు నడపిరి, పత్రికలకు సంపాదకత్వము వహించిరి, అక్కఱకు రాని వస్తువులతో బొమ్మలు చేసి సంతోషించిరి, తఱచుగ చిన్నకథలే వ్రాసిరి. చిన్నకథ గృహిణి చేతి సంచిలో పట్టు ప్రక్రియ. ‘తన మార్గం’ అను కథాసంపుటికి 2005లో సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చునప్పటికి ఆమెకు డెబ్బదిరెండేండ్లు. ముప్పదియారేండ్లకే తన కాలము ముగిసినదని జాబు వ్రాసిన సోదరి ఈ లెక్క నొకమారు చూడవలెను.

పూర్వికురాండ్ర నింకను స్మరింపవచ్చును. భండారు అచ్చమాంబగారు 1874లో జన్మించి, తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి తోడ్పాటున చదువు నేర్చి, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వ్రాసి, 1902లో ‘హిందూ సుందరి’ పత్రికయందు ‘ధన త్రయోదశి’ కథను ప్రకటించిరి. 1905లో దివంగతులగునప్పటికి ముప్పదియేండ్లే. ఆ కాలమున ఆమెకు తోడుపడిన తమ్ముని కాలమును గూడ మనము లెక్కింపవలెను. మాలతీ చందూర్‌గారు ‘వంటలు - పిండివంటలు’ పుస్తకమును వ్రాసిన చేతితోనే నవలలును వ్రాసిరి. ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికను దశాబ్దముల తరబడి నడపిరి. ‘హృదయనేత్రి’ నవలకు 1992లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిరి. వంటయిల్లు వ్రాతకు శత్రువని వారు తలంపలేదు. దానినే వ్రాతలోనికి తెచ్చుకొనిరి. వంగదేశమున 19వ శతాబ్దమునందు రాససుందరీదేవిగారు గ్రంథపత్రమొకటి వంటయింట దాచుకొని చాటుగా చదువు నేర్చి, తరువాత స్వీయచరిత్రమునే వ్రాసిరి. వారికి లేనిది చదువుకొను హక్కు. మనకది యున్నది. మనకు లేనిది గడియ.

1929లో వర్జీనియా వుల్ఫ్ అను ఆంగ్ల రచయిత్రి, స్త్రీ వ్రాయవలెనన్న ధనమును తనదైన గదియు నుండవలెనని వ్రాసిరి. ఆ మాట నాటికి విప్లవమే. కాని మన సోదరికి ధనము కలదు. మాసాంతమున జీతము బ్యాంకులో పడుచున్నది. ఇంటిలో ఒక గది భర్తగారి ఆఫీసు, ఒకటి పిల్లలది, ఒకటి అత్తగారిది. 2020లో కోవిడు వచ్చిన నాటినుండి భోజనపు బల్లయు ఆఫీసే యైనది. అయినను గదికంటె ముందు కావలసినది, ఆ గదిలో ఎవరును పిలువని వేళ. గది లేకున్నను బల్లకు ఒక మూల చాలును. వేళ లేనిచో రాజప్రాసాదమున్నను ఒక పంక్తి సాగదు.

ఇపుడు మా సలహా చెప్పెదము.

మొదట, ఒక్కటి యెంచుకొనుడు. వీణ, కుట్టుపని, మిద్దెతోట, చిత్రలేఖనము, కథ, అన్నియు మంచివే. వానిలో నొకటి వ్రతము, తక్కినవి వినోదములు. వినోదమునకు నియమ మక్కఱలేదు. మనసైన నాడు చేయవచ్చును, మానవచ్చును. వ్రతమునకు మాత్రము దినమును వేళయు నుండవలెను. అన్నిటిని వ్రతములుగా పెట్టుకొన్నవారు కొన్నాళ్లకు అన్నిటిని విడిచి, తమ్మును తామే నిందించుకొందురు.

రెండవది, వేళ కొలత. మన పెద్దల గడియ యనగా 24 నిమిషములు. వారమునకు రెండు మారులు, రెండేసి గడియలు, అనగా వారమున కంతయు 96 నిమిషములు తీయుడు. మునుపు జ్ఞాపకముంచుకొనుడని చెప్పిన సంఖ్య యిపుడు మరల చూడుడు. భార్యాభర్తల ఇంటిపనిలో దినమునకు 201 నిమిషముల భేదమున్నది గదా! మేము గృహిణికై అడుగుచున్నది వారమున కంతయు కలిపి, ఆ యొక్కదినపు భేదములో సగమునకు తక్కువ. దీనిని కాదను గృహస్థుడు లెక్కలు తెలియని వాడై యుండవలెను. ఆ సీమలో లెక్కలు తెలియని వారు లేరు.

మూడవది, దానిని నోట చెప్పి, గోడమీద వ్రాయవలెను. బడి ఫీజు తేదీ, పాలవాని లెక్క వ్రాయు క్యాలెండరుమీదనే “మంగళవారము, శనివారము, అమ్మ వ్రాత” అని వ్రాయుడు. మనసులోని నియమమును ఎవరును మన్నింపరు, మనమును మన్నింపము. గోడమీది నియమమును పిల్లలు సైతము గౌరవింతురు. ఆ రెండు పూటలు ఎవరు ఏ పని చూచుకొందురో ముందే స్థిరపఱచుకొనవలెను. శనివారపు రాత్రి వంట భర్తగారిది. బట్టలు మడతపెట్టుట పిల్లలది. అన్నము కొంచెము పలుకైనను, పప్పు మాడినను, వ్రాయుచున్నవారు లేచి పోగూడదు. ఒకసారి లేచిన, ఆ వేళ మరల ఇంటిదే యగును. వృద్ధులైన అత్తగారిమీద పని మోపుట న్యాయము కాదు. అయితే “నేనేమి వ్రాయుచున్నానో మీరు వినుడు, అత్తగారూ” యని ఒక పుట చదివి వినిపించిన, వారే ఆ వేళకు కాపలా కాయుదురు. తమ యౌవనమున తమకెవరును ఇట్టి వేళ నీయలేదని వారెఱుగుదురు.

నాలుగవది, ఆ రెండు గడియలలో సెల్‌ఫోను వేఱొక గదిలో నుంచుడు. అలసిన చేయి దానిమీదికి పోవుట సహజమే. దానిని తప్పుగా మేమెంచము. కాని అందలి బొమ్మలు ఒకదాని వెనుక నొకటి జరుగుచుండగా రెండు గడియలు క్షణమువలె గడచిపోవును. మెట్రోలో పోవువారు మాత్రము అదే సెల్‌ఫోనులో తోచిన మాట నొకదానిని, విన్న సంభాషణ నొకదానిని గుఱుతు వ్రాసికొనవచ్చును. అవి పోపుదినుసులవంటివి, వంట వేళకు చేతికి అందుటకు పనికివచ్చును.

అయిదవది, లేచుటకు ముందు తరువాతి వాక్యమును సగము వ్రాసి విడువుడు. మూడు దినముల పిదప మరల కూర్చుండినప్పుడు ఖాళీ పుట భయపెట్టదు. సగము వాక్యము పూర్తిచేయుమని పిలుచును.

ఆఱవది, తప్పిన వారమును గుఱించి దుఃఖింపకుడు. పిల్లల పరీక్షలు, ఇంట జ్వరము, ఆఫీసున గడువు దగ్గఱపడిన పని, ఇవి వచ్చుచునే యుండును. పూటకొక పుట చొప్పున ఏటికి 104 పుటలు కావలెను. అందు సగము ఇట్టి యాటంకములకు పోయినను 52 పుటలు మిగులును. పదేసి పుటల కథలు అయిదగును. తొమ్మిదేండ్లుగా ఒక్కటియు లేనిచోట ఏటికి అయిదు కథలు చిన్నవి కావు.

ఇచ్చట ఒక మాట చెప్పక మానరాదు. మా సలహా చదివి కొందఱు, “సరే, పనిమనిషిని ఇంకొక గంట యుండుమందుము” అని తలంపవచ్చును. తగిన జీతమిచ్చి, ఆమెకు ఇష్టమైనచో తప్పు లేదు. కాని అద్దాల భవనముల వెనుకనున్న బస్తీనుండి నాలుగిండ్ల పనికి వచ్చు ఆ స్త్రీకిని ఇల్లున్నది, పిల్లలున్నారు, పాడుకొను పాట యొకటి యుండవచ్చును. మన గడియను ఆమె గడియనుండి తీసికొన్నచో, భారము ఒక స్త్రీ తలనుండి వేఱొక స్త్రీ తలకు మాఱినదే గాని తగ్గలేదు. మొదట ఇంటిలోని మగవారితో పంచుకొనుడు. పిదప వెలుపలివారి సాయము కోరుడు.

“నేను ఛాయాదేవిగారిని కాను, నా వ్రాత లేకున్న లోకమునకేమి లోటు?” అని సోదరి జాబులో ఇంకొక ప్రశ్న యున్నది. దీనికి రెండు సమాధానములు చెప్పుదుము. మొదటిది: నిజముగా వ్రాయవలెనను కోరికయే చల్లాఱినచో, సిగ్గుపడక విడువుడు. కథ వ్రాయని స్త్రీ దేనికిని తక్కువ కాదు. వ్యాసంగమునుగూడ ఇంకొక బరువుగా తలకెత్తుకొనవలసిన పని లేదు. రెండవది: కోరిక యున్నచో, ఆమె లోటు గలుగును. నూతిగట్టు సంగతి, పొలముగట్టు సంగతి, ఉమ్మడి కుటుంబపు సంగతి మన సాహిత్యమున చాల వచ్చినవి. రాత్రి పదింటికి ఆఫీసు కారులో ఒంటరిగా ఇల్లు చేరుచు, పిల్లవాడు నిద్రపోయియుండునని తెలిసియు “అమ్మ వచ్చుచున్నది” యని ఫోనులో చెప్పు స్త్రీ మనసు సంగతి, నెల్లూరునుండి, వరంగల్లునుండి, శ్రీకాకుళమునుండి వచ్చి పదునాలుగవ అంతస్తున పొరుగువారి పేరైన తెలియక కాపురముండు ఇల్లాలి సంగతి, అచ్చట జీవించువారే చెప్పవలెను. జీవించువారికి తీరిక లేదని ఊరకున్నచో, ఈ ముప్పదియేండ్ల కాలమునుండి స్త్రీ మాట వినబడకయే పోవును.

కావున కొండాపూరు సోదరికి మా జవాబు. అమ్మా, మీ కోరిక తప్పు కాదు. తూకమువాడు క్రింద వేచియుండగా మీరు పుస్తకములను విడువక మాకు జాబు వ్రాసిరి; ఆ జాబు నాలుగు పుటలు, అందు కొట్టివేతలు రెండే. తొమ్మిదేండ్లుగా నొక్క పంక్తియు వ్రాయలేదనుకొన్న చేయి అది. మీ నిర్ణయమును మీ చేయి ముందే చేసినది. మేము క్రొత్తగా చెప్పవలసినదేమియు లేదు. మూడు పుస్తకములను అటకమీద పెట్టవలదు. సగము కథ యున్న పుస్తకమును పప్పుల డబ్బాల ప్రక్కను, చేతికందు తావున పెట్టుడు. ఈ మంగళవారమే ఆ సగము వాక్యమును పూర్తిచేయుడు.

ఈ పంక్తులను మేము వ్రాయుచుండగా కుక్కరు మూడు మారులు కూసినది. లోపలినుండి ఎవరో లేచి పొయ్యి యార్పిరి. మేము లేవలేదు. ఆ మాత్రపు సాయమే ప్రతి యింటను మా సోదరీమణులకు దొరకుగాక యని కోరుచున్నాము. మీ మీ గోడమీది క్యాలెండరులలో ఏ వారము వ్రాసికొన్నారో మాకు తెలుపుడు. రాబోవు సంచికలో ఆ జాబులను గుఱించి ముచ్చటింతము.